తిరిగొచ్చే నీళ్లు

తలుపు మూసి మీట నొక్కగానే గిన్నెలు కడిగే మిషను గొంతు సవరించుకున్నట్టు ఒకసారి గురగురమంది, తర్వాత లోపలెక్కడో నీళ్లు పడుతున్న చప్పుడు, ఈ కంపు ఇక పోతుంది, ఈసారి పోక ఎక్కడికి పోతుంది అనుకుంటూ హేమావతి దాని ఎదురుగానే వంటింటి బండల మీద చతికిలబడింది. లోపల ఒక్క గిన్నె లేదు, గరిటె లేదు. పై అరలో ఒక గాజుగిన్నె నిండా వెనిగర్, అడుగున చల్లిన వంటసోడా, అంతే. ఖాళీ మిషను కడగడానికి ఇన్ని నీళ్లు, ఇంత కరెంటు, నాయన చూస్తే ఏమంటాడు, ఎండిన బావిలోకి బొక్కెన వేసినట్టుండాదే అంటాడు, కానీ నాయన చూడడు, నాయన వరండాలో చేతిసంచీ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. భర్త దివాకర్ ఆఫీసు నుంచి రాగానే బండి మీద బస్టాండులో దించితే కళ్యాణదుర్గం బస్సెక్కి, అక్కడ మారి, కుందుర్పి దాటి ఊళ్లో దిగుతాడు, దిగి ఎక్కడికి పోతాడు, ఇల్లు కూలి మూడు గోడలే మిగిలాయి, తమ్ముడి కొడుకు తిప్పేష్ వాళ్ల గొర్రెల దొడ్డి పక్కన రేకుల కిందికి పోతాడు, మళ్లీ కట్టె పట్టుకొని ఎవరి జీవాలనో తోలుకొని ఎండలోకి. దివాకర్ వచ్చేలోగా ఈ మిషను తన పని ముగిస్తే, తలుపు తెరిచినప్పుడు ఏ వాసనా రాకుంటే, అప్పుడు ఇద్దరినీ వంటింట్లోకి పిలిచి చూపించవచ్చు. ఇదిగో, కంపు మిషనుది, మనిషిది కాదు, మనిషి ఇక్కడే ఉన్నాడు, కంపు పోయింది. సంచీ లోపల పెట్టు నాయనా. ఆ ఒక్క మాట అనే దారి కోసమే ఈ పూటంతా.

మధ్యాహ్నం బడికి సెలవు పెట్టి వచ్చినప్పటి నుంచి చేతులకు ఇదే పని. అడుగున ఉండే జల్లెడ తిప్పి పైకి తీస్తే దానికి అన్నం మెతుకులు, మునక్కాయ పీచు, జిడ్డు, జిడ్డు మీద బూజు, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలోకి వేలు దూర్చి తుడిస్తే గుడ్డ నల్లగా వచ్చింది. నీళ్లు చిమ్మే రెక్కల బెజ్జాలు ఈ ఊరి బోరు నీళ్లకు తెల్లగా ఉప్పు పట్టి మూసుకుపోయి ఉంటే పిన్నీసు పెట్టి ఒక్కొక్కటే పొడిచింది. రిపేరు చేసే జమీల్‌కు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటి చెబుతాడు, నిమ్మతొక్కలు ఏసి చూడక్కా, సోడా ఏసి చూడక్కా, కడిగినాక తలుపు కొంచెం తెరిచిపెట్టు, గాలి ఆడల్ల కదక్కా, అన్నీ చేసింది, చేసిన పూట పోయేది, మరుసటి పూటకు మళ్లీ వచ్చేది, పంపించేసిన కుక్క సందు చివరి నుంచి తిరిగొచ్చి గడప ముందు పడుకున్నట్టు. ఏం వాసన అంటే చెప్పడం కష్టం. పులిసిన గంజిది కొంత, ముద్ద చేసి మూలన మరిచిపోయిన తడిగుడ్డది కొంత, వాటి కింద ఇంకేదో బాగా తెలిసినది, పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. ఇప్పుడు, లోపల వేడినీళ్లు తలుపును దబదబ కొడుతుంటే, ఆ వెచ్చదనం మోకాళ్లకు తగులుతుంటే, పేరు వచ్చింది. కుడితి. ఊళ్లో పెరట్లో కుడితితొట్టి వాసన. రాతితొట్టి, దాని అంచును బర్రె నాకి నాకి నున్నగా చేసింది. బియ్యం కడిగిన నీళ్లు అందులోకే, గంజి అందులోకే, కంచంలో చెయ్యి కడుక్కున్న నీళ్లు అందులోకే, బయట చెంబుతో చెయ్యి కడుక్కుంటే అమ్మ వీపు మీద ఒకటి వేసేది, నీ నీళ్లు బర్రె తాగుతాదా నేల తాగుతాదా అని. రాత్రి గిన్నెలు తొలిచిన నీళ్లు మంచివే అని దాచి, పొద్దున గిన్నెలకు మొదటి కడుగు వాటితోనే. బోరులో నీళ్లకు బదులు గాలి, గాలి వెనక ఎర్రమన్ను వచ్చిన ఏడాది బర్రెను సంతకు తోలినా అమ్మ చెయ్యి ఆ తొట్టిలోనే పోసేది, అలవాటు, ఎండకు అది అడుగంటి చీమలు పట్టేది. అప్పుడు ఎవరూ ముక్కు మూసుకోలేదు. కుడితి వాసన వస్తున్నదంటే ఆ ఇంట్లో గొడ్డు ఉన్నట్టు, గంజి వార్చినట్టు, అంటే ఆ పూట అన్నం వండినట్టు. ఆ వాసన రాని ఇళ్లను చూసే అమ్మ అయ్యో అనేది.

"మ్మేయ్ హేమా," వరండాలో నుంచి నాయన. "ఇంగా తాగతానే ఉండాదా అది?"

"అయిపోవచ్చె నాయనా. కూర్చో."

"కూర్చునే ఉండా. లేసి యాడికి పోయేది, అల్లుడు రావల్ల కదా."

గొంతులో ఎగతాళి ఉంది, అదే ఆయన ధైర్యం, మిట్టమధ్యాహ్నం ఎండలో గుట్ట కింద సొమ్మసిల్లి పడిపోయి తిప్పేష్ మంచం మీద వేసి ఫోన్ చేసిన రోజున కూడా, ఈమె పోయి చెయ్యి పట్టుకుంటే, ఏమి లేదమ్మా, గొర్రెలన్నీ నిలబడి నన్ను చూసినాయి, నేను మేపిందానికి బదులు అవి నన్ను మేపతాయేమో అనుకున్నా అన్నాడు. తన జీవాలు ఏనాడో అమ్మేశాడు, అవి కూలికి మేపుతున్నవి. అప్పుడే తన ఇంటికి తీసుకొచ్చింది. మొదటి రోజు వంటింట్లోకి వచ్చి ఈ మిషను చుట్టూ సంతలో పొట్టేలు చుట్టూ తిరిగినట్టు తిరిగి, దివాకర్ చూస్తుండగానే తలుపు కిందికి లాగి లోపలి పళ్ల వరసలు చూసి, ఎన్ని పండ్ల పొట్టేలు మ్మేయ్ ఇది అన్నాడు, దివాకర్ పొట్ట పట్టుకొని నవ్వాడు, నవ్వాడు కదా, ఆ రోజు ఈ ఇంట్లో అందరూ నవ్వారు. తర్వాత అడిగాడు, బాగనే తాగతాది, మరి పోసేది యాడ? వెనక మోరీలోకి నాయనా. మోరీలోకా. అంతే, ఆ పూట అన్నం సగమే తిన్నాడు. తెల్లారి చూస్తే పెరట్లో ఎక్కడో దొరికిన నీలంరంగు డ్రమ్ము, దాన్ని రెండు రాళ్ల మీదకు ఎత్తి, వంగలేని నడుము కదా, చెంబు ముంచుకోవడానికి అందేటట్టు పెట్టి, మిషను వెనక నుంచి వచ్చే పైపును మోరీలో నుంచి తీసి అందులోకి దించాడు. గిన్నెలు కడిగిన నీళ్లు మోరీకి పోయే ఇల్లు నిలబడదమ్మా, బర్రె లేకుంటే చెట్టుకన్నా పోద్దాం. ఎక్కడి నుంచో ఒక దానిమ్మ మొక్క తెచ్చి నాటాడు. రోజూ పొద్దున చెంబుతో ముంచి దానికి పోసి, దాని ముందే గొంతుక్కూర్చునేవాడు, మేసే గొర్రెను చూసినట్టు. ఆకుల అంచులు మాడిపోతున్నాయి నాయనా అంటే, టౌను మట్టి అట్లనే ఉంటాది అనేవాడు.

వాసన మొదలైంది ఎప్పుడు? నాయన వచ్చిన కొన్నాళ్లకు. ఆ కొన్నాళ్లకు అన్నదే అందరి నోళ్లలో నాయన రాగానే అయింది. ముందు దివాకర్ అన్నాడు, అనలేదు, కిటికీలు తెరిచాడు, రోజూ రాగానే ముందు కిటికీలు తెరిచేవాడు. ఆమెకూ అదే అనుమానం, కంబళి, ఇంకేం ఉంటుంది, ఏళ్ల తరబడి గొర్రెల మధ్య పడుకున్న కంబళి, మూల మంచం మీద మడత పెట్టి ఉండేది, దగ్గరికి పోయి వాసన చూసింది, గొర్రె బొచ్చు, పొగ, ఎండ, వాన, మిషను వాసన అది కాదు, కాదని ముక్కు చెప్పింది, ముక్కు మాట వినలేదు. ఒక ఆదివారం వేడినీళ్లలో సబ్బుపొడి వేసి ముంచేసింది. చింతగింజల గంజి పట్టించిన కంబళి అది, వాన పడితే చుక్క లోపలికి దిగేది కాదు, ఒంటి మీద గుడిసెలా నిలబడేది. ఆరేసినప్పుడు చూస్తే గంజంతా పోయి, ముడుచుకొని, చచ్చిన కుందేలు తోలులా తీగకు వేలాడుతోంది. నాయన తాకి చూసి, బాగుంది, మెత్తగా అయింది అన్నాడు. తర్వాత, నాయనా రెండు పూటలా స్నానం చెయ్యి, టౌన్లో అంతే. రెండు పూటలా! ఊరు మొత్తానికి ట్యాంకరు వస్తే బిందెలతో తలలు పగలగొట్టుకున్న మనిషి, రెండు పూటలా తలుపు మూసుకొని నీళ్ల చప్పుడు చేసేవాడు, చెంబుతో నేల మీద పోసి చప్పుడు మాత్రం చేసేవాడో ఏమో. ఆ తర్వాత ఆడపడుచు ఉమాదేవి వచ్చింది, కూర్చోకుండానే కొంగు ముక్కుకు పెట్టుకొని, వదినా ఏం అనుకోవద్దు, మీ నాయనది పల్లె ఒళ్లు కదా, కొన్నాళ్లు ఊర్లో ఉంటేనే ఆయనకీ బాగుంటాది అంది, గొంతు తగ్గించింది గాని ఉమాదేవి తగ్గించిన గొంతు వీధి దాకా వినిపిస్తుంది. నాయన అప్పుడు వరండాలోనే ఉన్నాడు, ఇప్పుడు కూర్చున్న చోటే. తన భుజం వైపు మెడ తిప్పి ఒకసారి వాసన చూసుకున్నాడు. గొర్రె అట్లా చూసుకుంటుంది, పిల్ల తనదో కాదో అని. కిటికీలో నుంచి ఈమె అది చూసింది, చూసి లోపలికి పోయింది, పోయి కాఫీ కలిపింది. రెండు రోజుల తర్వాత నాయన, ఊర్లో పరస ఉండాదమ్మా, పోయొస్తా అన్నాడు. ఈ కాలంలో జాతర ఎక్కడిది? దివాకర్ పోవద్దనలేదు. పోవద్దనలేదు అంతే, అంతకంటే చెడ్డ మాట అతని నోట ఒక్కటీ రాలేదు, అందుకే అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా పట్టు దొరకడం లేదు.

లోపల కొట్టుడు ఆగింది. మోటారు సన్నగా మూలిగింది, వెనక పెరట్లో డ్రమ్ములోకి నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. మిషను కూత కూసింది. లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కాయి, మోకాళ్ల మీదే ముందుకు జరిగి, ఊపిరి బిగబట్టి తలుపు లాగింది. ఆవిరి ముఖాన కొట్టింది. ఊపిరి వదిలి పీల్చింది. పుల్లగా, వేడిగా, శుభ్రంగా, ఇంకేమీ లేదు. మళ్లీ పీల్చింది, తల లోపలికి పెట్టి, ఉక్కు మెరుస్తోంది, అడుగున జల్లెడ కొత్తదానిలా ఉంది, ఏమీ లేదు, వాసన లేదు! నాయనా అని గొంతు దాకా వచ్చింది, నోరు తెరిచింది, తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది, ఎందుకంటే అడుగున ఎక్కడో బుడుంగుమని ఒక బుడగ పగిలింది, ఇంకొకటి, జల్లెడ కన్నాల్లో నుంచి నీళ్లు ఊరడం మొదలైంది. గోధుమరంగు నీళ్లు. చెలమలో ఊరినట్టు, నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు. వాటి మీద ఒక మెతుకు తేలుతూ వచ్చింది, ఒక మాడిన దానిమ్మ ఆకు తుంపు వచ్చింది, వాటితోపాటు అది, కుడితి, ఆవిరిని పక్కకు నెట్టి, తన ఇంట్లోకి తాను వచ్చినట్టు వచ్చింది. మిషనులో దానిమ్మ ఆకు ఏమిటి?

పెరటి తలుపు తీసింది. రెండు రాళ్ల మీద నీలంరంగు డ్రమ్ము, దాని గోడకు లోపల తడి గీత ఒకటి, నీళ్లు ఆ గీతకు వేలెడు కింద ఉన్నాయి, ఆమె చూస్తుండగానే ఇంకాస్త దిగాయి. పైపు కొస డ్రమ్ము అడుగుదాకా మునిగి ఉంది. నిన్నటివి, మొన్నటివి, అంతకు ముందువి, అడుగున పేరుకున్న బురద, పైన తెట్టు. మిషను కిందికి ఉంది, డ్రమ్ము మీదికి ఉంది. ఎవరూ చెప్పనక్కర్లేదు, చెప్పినవాడు ఎప్పుడో చెప్పాడు. చిన్నప్పుడు, గొర్రెల దొడ్డి దగ్గర, ట్యాంకరు నీళ్లు పట్టిన ఇనప డ్రమ్ము, ఇంత పైపుముక్క, నాయన దాని ఒక కొస నీళ్లలో ముంచి రెండో కొస నోట పెట్టుకొని గట్టిగా పీల్చి, నోట్లోకి వచ్చిన గుక్క ఉమ్మకుండా మింగి, పైపును జీవాల తొట్టిలోకి వదిలితే నీళ్లు వాటంతట అవే డ్రమ్ము గోడ ఎక్కి అవతలికి దూకాయి, గొర్రెపిల్లలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి, ఎట్ల నాయనా, ఎట్ల ఎక్కినాయి? నీళ్లకు ఒక్కసారి దారి సూపిస్తే సాలు మ్మేయ్, పై నుంచి కిందికి అవే వస్తాయి, మిట్ట అడ్డమున్నా ఎక్కి దిగతాయి. మరి ఆపేదెట్ల? కొస మునిగుండేదాకా ఆగవు. ఆపల్లంటే కొస పైకి తియ్యి. ఇంత చిన్న పాఠం. బడిలో పిల్లలకు బొమ్మ గీసి చెబుతుంది కూడా, ఏడాదికోసారి. కడిగిన ప్రతిసారీ ఎంగిలి నీళ్లు డ్రమ్ములోకి పోయి, పోయినవి తిరిగొచ్చి, రాత్రంతా మిషను కడుపులో నిలిచి. నాయన ఒంటిది కాదు. కంబళిది కాదు. నాయన దాచిన నీళ్లది.

బండి చప్పుడు. దివాకర్ హారన్ రెండుసార్లు కొట్టాడు, లోపలికి రాకుండా గేటు దగ్గర నుంచే, "మామా, పోదామా? ఈ బస్సు పోతే మళ్ల పొద్దుగూకినాకే."

తడి చేతులతోనే వరండాలోకి పరిగెత్తింది. నాయన అప్పటికే లేచి నిలబడ్డాడు, మెత్తబడిన కంబళి భుజం మీద నిలవక జారుతుంటే మాటిమాటికీ పైకి లాక్కుంటున్నాడు. చెప్పేయాలి. ఇప్పుడే. వాసన నీది కాదు నాయనా. మరి ఎవరిది అంటాడు దివాకర్. డ్రమ్ముది. డ్రమ్ము పెట్టింది ఎవరు? ఆ మాట దివాకర్ అనకపోవచ్చు, నవ్వుతాడు, పొట్ట పట్టుకొని మొదటి రోజు నవ్వినట్టే నవ్వుతాడు, అదీ సంగతి మామా, నువ్వే చేసినావా అంటాడు, రాత్రికి ఉమాదేవికి ఫోన్లో చెబుతాడు. నాయన నవ్వడు. దివాకర్ నవ్వులో నిలబడి మళ్లీ ఒకసారి తన భుజం వాసన చూసుకుంటాడు. అయినా చెప్పాలి, చెబితే ఉంటాడేమో, కంపు పోతే ఉంటాడేమో, "నాయనా, అది..." అంది.

"ఆఁ, చెప్పడం మరిసినా," అన్నాడాయన, మెట్టు దిగుతూ ఆగి. "డ్రమ్ములో నీళ్లుండాయి. దానిమ్మకు రోజూ రెండు చెంబులు పొయ్యి. పైపు మాత్రం తియ్యొద్దు, మోరీకి వదలొద్దమ్మా. ఇన్నాళ్లు మీ ఇంట్లో కూర్చుని తిన్నా, నేను చేసిన పని అదొక్కటే."

"ఊఁ," అంది.

"ఏంది, ఏమో అంటాంటివే?"

"మందులు సంచీలో పెట్టినా. పైనుండాయి."

దివాకర్ సంచీ అందుకొని ముందు పెట్టుకున్నాడు, జాగ్రత్తగానే, కంబళి చక్రంలో పడకుండా అంచు ఎత్తి నాయన చేతికిచ్చాడు, జాగ్రత్త మామా అన్నాడు, మంచివాడే. బండి సందు తిరిగింది. నాయన వెనక్కి చూడలేదు, ఆయనకు ఆ అలవాటు లేదు, మంద ముందు నడిచేవాడు వెనక్కి చూస్తే గొర్రెలు ఆగిపోతాయి.

పెరట్లోకి వచ్చి డ్రమ్ములో నుంచి పైపు పైకి తీసింది. కొస నుంచి నీళ్లు కాసేపు కారి ఆగిపోయాయి, వంటింట్లో బుడబుడ ఆగిపోయింది. ఎంత సులభం. ఈ కొసను కిటికీ ఊచకు కట్టేస్తే, డ్రమ్ము అంచుకు పైన, నీళ్లు అందులోనే పడతాయి, తిరిగి రావు, నాయన మాట కూడా నిలుస్తుంది. మూలన నాయన చుట్టి పెట్టిన తాడు ఉంది. అది తీసుకొని ఊచకు ఒక చుట్టు చుట్టింది. మిషను ఇంకొక్కసారి తిప్పితే సరి, దివాకర్ వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉంటుంది. రాగానే గడప దగ్గర ఆగుతాడు, కిటికీ తెరవబోయి ఆగుతాడు, పీలుస్తాడు. ఏమీ అనడు. అతను ఏమీ అనడు కదా ఎప్పుడూ. అక్కాచెల్లెళ్లలో, పెళ్లిళ్లలో, ఎప్పుడైనా మాట వస్తే ఉమాదేవి అంటుంది, ముసలాయన బస్సెక్కిన పూటే పోయింది చూడు వదినా, నేను చెప్పలా? అందరూ తలలాడిస్తారు. వాసన పోయిన రోజు, నాయన పోయిన రోజు, రెండూ ఒకటే రోజు. ఇక ఎన్ని డ్రమ్ముల కథలు చెప్పినా ఎవరికి కావాలి, ఆ కంపు నాయన పేరు మీద నిలిచిపోతుంది, చచ్చిపోయిన తర్వాత కూడా. తాడు పట్టుకొని అట్లాగే నిలబడింది. గోడ అవతల ఎవరిదో బోరు కక్కుతోంది, నీళ్లు కాదు, గాలి. దానిమ్మకు కొత్త చిగురు ఒకటి వేసింది, దాని కొస కూడా అప్పుడే మాడింది.

తాడు విప్పింది. పైపు కొసను మళ్లీ డ్రమ్ములోకి దించింది, మోచెయ్యి దాకా, అడుగు తగిలేదాకా, తెట్టు చేతికి అంటుకొని గాజుల వెంట జారింది. ఉండనీ. ఇంకొన్నాళ్లు కొట్టనీ. నాయన లేని ఇంట్లో, నాయన కంబళి లేని ఇంట్లో కంపు కొట్టనీ, వాళ్ల నోటితో వాళ్లే అనాలి, ఇది ఆయనది కాదే అని. అప్పుడు తీస్తుంది పైపు. అప్పుడు పోయి పిల్చుకొస్తుంది, పిలిస్తే వస్తాడా, కట్టె పట్టుకొని గుట్టెక్కినవాడు వస్తాడా, అప్పటికి ఎండలు ముదురుతాయి. లోపలికి వచ్చి మిషనులో రెండు చెంబుల నీళ్లు పోసి, మీట నొక్కి, అది ఆ నీళ్లను డ్రమ్ములోకి కక్కేదాకా ఉండి ఆపేసింది. నిశ్శబ్దంలో చెవి ఒగ్గి కూర్చుంది. కాసేపటికి అడుగున బుడుంగుమంది. నీళ్లు దారి మరిచిపోలేదు.

పొద్దుగూకుతుండగా బండి ఆగింది. దివాకర్ చెప్పులు విప్పి, సీటు దొరికింది, కిటికీ పక్కనే అంటూ లోపలికి వచ్చి, గడప లోపల ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు. మంచం ఉన్న మూల వైపు చూశాడు, ఖాళీ మంచం, మళ్లీ పీల్చాడు.

"ఏంది హేమా," అన్నాడు, గొంతు తగ్గించి. "ఇంగా వస్తాండాదే?"

ఆమె లేచి మిషను తలుపు బార్లా తెరిచింది.